గోడలో గాలి

ఆ చలికాలం మా ఇంట్లో ఎవరమూ ఒకచోట కుదురుగా కూర్చోలేదు. నేను పనున్నా లేకున్నా మెట్లెక్కి దిగుతుండేదాన్ని. నా భర్త నార్బర్ట్ ఒక కిటికీ దగ్గర్నుంచి ఇంకో కిటికీ దగ్గరకి తిరిగేవాడు. మావయ్య గోడలు తడుముతూ తిరిగేవారు. కింద బేస్‌మెంటులో ఫర్నేసు మాత్రం ఉన్నచోటే ఉండి, పగలనక రాత్రనక గుర్రుమంటూ మండుతూనే ఉండేది.

అది డెబ్భై ఆరు నవంబరు. అమెరికాలో బఫెలో ఊరికి తూర్పున, గోడకి గోడ ఆనించి కొత్తగా కట్టిన వరస ఇళ్ళలో నాలుగోది మాది. వేసవిలో చేరాం. అంతకు ముందు పాత పేటలో మావయ్య ఇంటి మేడమీదే పదకొండేళ్ళు కాపురం చేశాం. అత్తయ్య స్టెఫా పోయాక మావయ్యనీ వెంటబెట్టుకుని ఇక్కడికొచ్చేశాం. ఇల్లు చూపించినతను ప్రతి కిటికీ మీదా వేలితో కొట్టి వినిపించాడు. "రెండు పొరల అద్దం. అటక మీద జానెడు మందాన గాజుదూది. ఈ ఇంట్లో కొవ్వొత్తి వెలిగించినా చెమట పడుతుందమ్మా" అన్నాడు. నవంబరు రెండో వారానికల్లా నేను ఇంట్లోనే రెండు స్వెట్టర్లు తొడుక్కుంటున్నాను. నాకప్పుడు ఐదో నెల. పదకొండేళ్ళకి నిలిచిన కడుపు.

ఆ ఏడు ఫర్నేసులు మండించే గ్యాస్‌కి కరువు. ఇంట్లో వేడి అరవై అయిదు ఫారన్‌హీట్ డిగ్రీలకి మించి పెట్టొద్దని రేడియోలో పొద్దస్తమానం చెప్పేవాళ్ళు. చర్చిలో ఫాదర్ కూడా చెప్పాడు. దాంతో ఒకళ్ళింటికి ఒకళ్ళు వెళితే ముందు గోడమీద వేడి ఎంతుండాలో తిప్పి పెట్టే థర్మోస్టాట్ వైపు ఓరగా చూసేవాళ్ళు.

"ఎవరు తిప్పారు దీన్ని?" నార్బర్ట్ పని నుంచి రాగానే బూట్లైనా విప్పకుండా అడిగాడు ఒక సాయంత్రం.

"ఎవరూ తిప్పలేదు. అరవై అయిదు మీదే ఉంది, చూడు."

"మరి ఫర్నేసు ఎందుకు ఆగట్లేదు? కిటికీ తెరిచి సిగరెట్ కాలుస్తున్నావా?"

"కడుపొచ్చిన నాడే మానేశాను. నీకు తెలీదా?"

అతను తండ్రి వైపు తిరిగాడు. "నాన్నా, నువ్వేనా?"

మావయ్య వాలెంటీ ముప్పై నాలుగేళ్ళు ఒక హైస్కూల్లో బాయిలరు చూసిన మనిషి. పన్నెండొందల మంది పిల్లల్ని వెచ్చగా ఉంచానని చెప్పుకునేవారు. "నేనెందుకు ముట్టుకుంటానురా? డయల్ వేడి పుట్టించదు, అడుగుతుందంతే. మీ ఇంట్లో వేడి పుడుతోంది. నిలవట్లేదు."

"నిలవక ఎక్కడికి పోతోంది?"

"అదే వెతుకుతున్నా."

ఆయన వెతుకులాట చూసేవాళ్ళకి మరోలా ఉండేది. సిగరెట్ వెలిగించి, నోట పెట్టకుండా, దాన్ని గోడ వారగా పట్టుకుని గదిగదికీ తిరిగేవారు. పొగ ఎటు పోతుందో చూసేవారు. అరచెయ్యి గోడకానించి కళ్ళు మూసుకుని నిలబడేవారు. ఒకరోజు మేడమీద, పాప కోసం సిద్ధం చేస్తున్న గదిలో, బట్టల అల్మరాలో సగం దూరి నన్ను కేకేశారు.

"అమ్మాయ్, ఇలా వచ్చి చెవి పెట్టు. గోడ ఊపిరి పీలుస్తోంది."

నేను పక్కనే ఒదిగి చెవి పెట్టాను. అల్మరా వెనక గోడ పక్కింటికీ మాకూ ఉమ్మడి గోడ. కింద మూల గొట్టాలు బాగుచేసేవాళ్ళ కోసం ఒక ప్లైవుడ్ చెక్క బిగించి ఉంది. దాని వెనక నిజంగానే ఏదో సన్నగా, తెరపి లేకుండా, ఈలలాంటి చప్పుడు. నాకు వినపడింది.

"ఏమీ లేదు మావయ్యా" అన్నాను.

ఎందుకలా అన్నానంటే, ఆ పొద్దున ఆయన నన్ను స్టెఫా అని పిలిచారు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ ముందు వారం స్టవ్ మీద పాలు పెట్టి, గ్యాస్ తిప్పి, అగ్గిపుల్ల గీయడం మరిచిపోయారు. జీవితమంతా మంటతో బతికిన మనిషి. ఇల్లంతా వాసన నిండాక నేను పరిగెత్తి తలుపులు తెరిచాను. గోడ ఊపిరి పీలుస్తోందన్నదానికి ఔనంటే ఆ తరవాత దేనికి ఔననాల్సి వస్తుందోనని భయపడ్డాను.

డిసెంబర్లో ఇంట్లో వస్తువులు కనపడకుండా పోసాగాయి. మొదట నార్బర్ట్ మేజోళ్ళు. తరవాత తువ్వాళ్ళు, స్నానాల గది ముందు వేసే పట్టా, పాత కర్టెన్లు. అడిగితే మావయ్య "పనిలో ఉన్నాయి" అనేవారు.

"మేజోళ్ళకి పనేంటి నాన్నా?"

"నీకంటే ఎక్కువే చేస్తున్నాయ్."

నార్బర్ట్ నవ్వలేదు. ఆ నెలలో అతను ప్రతి కిటికీకీ ప్లాస్టిక్ షీట్ అంటించాడు. క్రిస్మస్ నాటికి ఇల్లు కాస్త నయమైంది. ఫర్నేసు అప్పుడప్పుడూ ఆగుతోంది. "చూశావా, అంతా కిటికీల్లోనే ఉంది" అని నార్బర్ట్ పక్కింటి కార్లోటా ఆంటీకి కూడా ప్లాస్టిక్ చుట్ట ఇచ్చి వచ్చాడు. ఆవిడ కిటికీలకి రెండు వైపులా అంటించుకుని మర్నాడే మా తలుపు కొట్టింది. "నీ ప్లాస్టిక్కు నీ దగ్గరే పెట్టుకో నాయనా. నా కాళ్ళు ఐసుగడ్డలే. దానికన్నా నా మొగుడే నయం, కనీసం గురక పెడుతూ పక్కన పడుకుంటాడు" అంది.

క్రిస్మస్ అయిన మూడో రోజు మావయ్య ఇంట్లో చెప్పకుండా బయటికెళ్ళారు. నాలుగు మైళ్ళ అవతల ఆ హైస్కూలు వెనక గేటు దగ్గర, బూట్లు లేకుండా ఉత్త మేజోళ్ళతో మంచులో నిలబడి ఉంటే పోలీసతను కారులో తీసుకొచ్చాడు. "సెలవులైనా మంట ఆర్పకూడదు. గొట్టాలు పగిలిపోతాయ్" అన్నారు, కాళ్ళు వేడినీళ్ళలో పెడుతుంటే. ఆయన పాదాలు తెల్లగా మైనంలా ఉన్నాయి. నార్బర్ట్ వంటింట్లోకి వెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

కొత్త సంవత్సరం రోజు ఆడపడుచు ఫ్లోరెన్స్ వచ్చింది. "అమ్మ కోటు మీ దగ్గరే ఉండాలి కదా, బొచ్చు కాలరుది? పురుగులు తినే బదులు నేను తొడుక్కుంటాను" అంది. అల్మరాలో చూశాను, లేదు. నార్బర్ట్ కూడా వచ్చి వెతికాడు. మూలనున్న ప్లైవుడ్ చెక్క మరలు కొత్తగా గీసుకుపోయి మెరుస్తున్నాయి. అతను చెక్క ఊడదీశాడు. ముందు వరసలోనే ఉంది కోటు, పురికొసతో బిగించి కట్టి, గోడ మధ్య ఖాళీలో అడ్డంగా కూరి. ఒళ్ళంతా సున్నపు దుమ్ము. దాని వెనక ఇంకా ఏవో గుడ్డలున్నాయి. అవి చూడ్డానికి నార్బర్ట్‌కి మనసొప్పలేదు.

కోటు రెండు చేతుల మీదా పెట్టుకుని కిందికి దిగాడు.

"నాన్నా, ఇదేంటి?"

"స్టెఫా కోటు."

"గోడలో ఎందుకు పెట్టావ్?"

"మందంగా ఉంది. తువ్వాళ్ళు చాల్లేదు."

"ఇది అమ్మది."

"తెలుసు, కొన్నది నేనేగా. తనుంటే తనే తీసిచ్చేది. పసిపిల్ల పడుకునే గదిరా అది."

ఆ మాటలో పిచ్చి ఏమీ లేదు. నేను అడగాలనుకున్నాను, గోడలో ఏముంది మావయ్యా అని. అంతలోనే ఆయన గుమ్మం వైపు చూసి, "స్టెఫా ఇంకా రాలేదేం? మార్కెట్లో జనం ఎక్కువున్నారా?" అన్నారు.

ఫ్లోరెన్స్ కాఫీ కప్పు కింద పెట్టేసింది. చర్చి సిస్టర్లు నడిపే వృద్ధాశ్రమం ఒకటుందనీ, ఒక మంచం ఖాళీ అయిందనీ, తను ముందే కనుక్కుందనీ చెప్పింది. "లొరేన్, మార్చిలో నీకు బిడ్డ. ఆయన గ్యాస్ తిప్పి మరిచిపోతే నువ్వు ఎవర్ని ఎత్తుకుని పరిగెత్తుతావు?" అంది. నేను వెళ్ళి స్టవ్ మీటలన్నీ మళ్ళీ చూసొచ్చాను.

జనవరి మధ్యలో అక్కడికి తీసుకెళ్ళాం. మావయ్య గొడవ చెయ్యలేదు. కారెక్కే ముందు నా చెయ్యి పట్టుకున్నారు. "అమ్మాయ్, అల్మరా మూల ఆ గూడు మాత్రం కదపకండి."

"కదపం మావయ్యా" అన్నాను.

మర్నాడే కదిపాను. ఊరికే కూర్చోలేకపోయాను. ఇల్లంతా ఆయన సిగరెట్ వాసన. ఏదో ఒకటి శుభ్రం చేస్తే మనసు కుదుటపడుతుందనిపించింది. చెక్క తీసి, చెయ్యి అందినంత మేరా లాగాను. పంతొమ్మిది తువ్వాళ్ళు. ఉండలు కట్టిన మేజోళ్ళు. కర్టెన్లు, గోనె పట్టాలు, చుట్టలు చుట్టిన మావయ్య పోలిష్ భాష పత్రికలు. ఒకదాని మీద ఒకటి, సందు లేకుండా, ఇటుకలు పేర్చినట్టు పేర్చారు. అన్నీ ఉతికి, ఆరేసి, మడిచి, దొంతరలు పెట్టాను. చూసుకుని తృప్తిపడ్డాను కూడా. నార్బర్ట్ చెక్క మళ్ళీ బిగించాడు.

రెండో రోజు నుంచి ఫర్నేసు ఆగలేదు. థర్మోస్టాట్ అరవై అయిదు అడుగుతోంది, ఇల్లు అరవై దాటట్లేదు. చలి ఎక్కువైందనుకున్నాం, నిజంగా ఎక్కువే అయింది. గ్యాస్ చాలక నార్బర్ట్ పనిచేసే ఫ్యాక్టరీ మూసేశారు. అతను ఇంట్లోనే ఉండి కిటికీల ప్లాస్టిక్ పీకి మళ్ళీ అంటించాడు. తలుపుల కింద తివాచీలు దోపాడు. ఒకసారి ఉన్నట్టుండి, "నాన్న లేని ఇల్లు చల్లగా ఉంది" అని, అన్నందుకు సిగ్గుపడి బయటికెళ్ళి మంచు తవ్వాడు.

జనవరి ఆఖరి శుక్రవారం పదకొండు గంటలకి మంచు తుఫాను వచ్చింది. ఎదురిల్లు ఉన్నట్టుండి మాయమైంది. తరవాత మా మెట్లు కూడా కనపడలేదు. మూడు రోజులు ఊళ్ళో ఎవరూ కదల్లేదు. ఆదివారం మధ్యాహ్నానికి ఇంట్లో యాభై రెండు డిగ్రీలు. వంటింట్లో మాట్లాడుతుంటే నోట్లోంచి ఆవిరి. నేను టోపీ పెట్టుకుని, నార్బర్ట్ కోటు తొడుక్కుని, పొట్ట మీద దుప్పటి చుట్టుకుని తిరుగుతున్నాను. లోపల బిడ్డ కూడా ఒకచోట ఉండట్లేదు.

ఇంకో మఫ్లరు కోసం మేడమీది అల్మరా తెరిచాను. డ్రైక్లీనింగ్ నుంచి తెచ్చిన నార్బర్ట్ సూటు పల్చటి ప్లాస్టిక్ సంచిలో వేలాడుతోంది. ఆ సంచి కింది అంచు లేచి, మూలనున్న చెక్క వైపు చాపుకుని, దానికి అతుక్కుని వణుకుతోంది. ఎవరో అటువైపు నుంచి పట్టుకుని లాగుతున్నట్టుంది.

నేను నేల మీద కూర్చున్నాను. మావయ్య మంచం పక్కన సొరుగులో సగం పెట్టె సిగరెట్లు మిగిలి ఉన్నాయి. ఒకటి తెచ్చి వెలిగించి, ఆయన పట్టుకున్నట్టే పట్టుకున్నాను. పొగ పైకి లేవలేదు. దారం లాగినట్టు తిన్నగా వెళ్ళి చెక్క అంచులో దూరిపోయింది.

"నార్బర్ట్" అని పిలిచాను.

వచ్చాడు. సిగరెట్ చూసి ముఖం చిట్లించాడు. "ఏడో నెలలో ఇదేంటి?"

"కాల్చట్లేదు. చూడు."

చూశాడు. రెండోసారి, మూడోసారి నా చేతిలోంచి తీసుకుని తనే పట్టి చూశాడు. స్క్రూడ్రైవర్ తెచ్చి చెక్క ఊడదీసి, చెయ్యి లోపల పెట్టాడు. "గాలి పైకి పోతోంది" అన్నాడు. "వెచ్చగా ఉంది."

నిచ్చెన వేసుకుని, టార్చి పట్టుకుని అటకెక్కాడు. నేను కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను.

"ఏముంది?"

"ఇక్కడ వెచ్చగా ఉంది లొరేన్. స్వెట్టర్ విప్పేయొచ్చు." కాసేపు అటక చెక్కలు కిర్రుమన్నాయి. "దూది బాగానే పరిచారు. అంచుల దాకా ఉంది."

"మరి?"

"ఉమ్మడి గోడ పక్కన పరచలేదు. గొట్టాలు పైకొచ్చే చోట మనిషి దిగేంత బొక్క వదిలేశారు. లోపలికి చూస్తే..." ఆగాడు. "బేస్‌మెంటు లైటు కనపడుతోంది."

నేను తల తిప్పి అల్మరా వైపు చూశాను.

"గోడ ఇటుకలు కూడా డొల్లవి. పైవరసకి మూతల్లేవు. ప్రతి దాంట్లోంచీ వెచ్చటి గాలి వస్తోంది." టార్చి వెలుగు కిందికి తిరిగింది. "నాన్న గుడ్డలన్నీ ఈ బొక్కకే కింద అడ్డంగా కూరారు."

అదీ సంగతి. చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టు, నవంబరు నుంచి మేము మండించిందంతా బేస్‌మెంటులోంచి, గోడలోంచి, అటక మీదుగా ఆకాశంలోకి పోయింది. కిటికీలన్నీ బిగించి నడినెత్తిన బొక్క వదిలారు. దాన్ని కనిపెట్టి మూసిన మనిషిని మేము కారెక్కించి పంపేశాం. ఆయన మూసిన గుడ్డల్ని నేను ఉతికి మడతపెట్టాను.

నార్బర్ట్ దిగి వచ్చి, మంచం చివర కూర్చుని, చేతులకంటుకున్న దూది పీచు చాలాసేపు దులుపుకున్నాడు. తరవాత లేచి దొంతరల్లోంచి తువ్వాళ్ళు తీసి ఒక్కొక్కటే గూట్లో కూరడం మొదలెట్టాడు. నేను అందిస్తున్నాను. తువ్వాళ్ళయ్యాయి, కర్టెన్లయ్యాయి, ఇంకా జానెడు సందు మిగిలింది. అతను కిందికెళ్ళాడు. ఫ్లోరెన్స్ ఆ రోజు తీసుకెళ్ళకుండా వదిలేసిన కోటు తెచ్చాడు. చక్కగా మడిచి, కాలరు లోపలికి పెట్టి, అడ్డంగా దోపి, చెక్క బిగించాడు.

గంటన్నర గడిచాక ఫర్నేసు ఠక్కుమని ఆగింది. ఇద్దరం తలలెత్తాం. ఇంట్లో ఎన్నాళ్ళుగా అంత నిశ్శబ్దం లేదో. అంత సద్దు మణిగాక కూడా నేను కూర్చోలేకపోయాను.

"రోడ్లు ఎప్పుడు తెరుస్తారు?" అన్నాను.

"తెలీదు" అన్నాడు. ఆ ప్రశ్నే ఆ వారమంతా ఒకళ్ళనొకళ్ళం అడుగుతూనే ఉన్నాం.

తెరిచిన రోజే వృద్ధాశ్రమానికి వెళ్ళాం. మావయ్య తన గదిలో లేరు. బాయిలరు గది దగ్గరున్నారని సిస్టర్ కాస్త చిరాగ్గా చెప్పింది. "రోజూ అక్కడికే పోతారు. మా పనివాడికి పని నేర్పుతున్నారు." కింద ఒక కుర్చీ వేసుకుని, మంట కనపడే చిన్న అద్దం ముందు కూర్చున్నారు. మూడు వారాల్లో బాగా చిక్కిపోయారు.

నార్బర్ట్ దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాడు. నాకు తెలుసు, పెదాలు కదులుతూనే ఉన్నాయి. తీరా ఎదురుగా నిలబడ్డాక అదేమీ నోట రాలేదు.

"నాన్నా, అటక మీద బొక్క మూయాలి. నాకు చేతకావట్లేదు. నువ్వొచ్చి చూపించు."

"ఏ అటక?"

"మన అటక. ఉమ్మడి గోడ దగ్గర."

మావయ్య కళ్ళు చిన్నవి చేసుకుని ఆలోచించారు. "బొక్కొకటే మూస్తే చాలదు. ఇటుకల నోళ్ళు కూడా మూయాలి. వేడికి పంతం ఎక్కువ, ఒకచోట మూస్తే పక్కనించి పోతుంది. గుడ్డలు తాత్కాలికం. రేకు కావాలి."

"తెస్తాను."

"కొలిచి తీసుకురా. నువ్వు కొలవకుండా కోస్తావ్. చిన్నప్పట్నించీ అంతే."

"కొలుస్తాను నాన్నా."

ఆయన లేచి నా వైపు తిరిగారు. "స్టెఫా, నా టోపీ ఏదీ?"

"ఇదిగో" అని ఇచ్చాను.

ఆ ఫిబ్రవరంతా మావయ్య మేడమీద నిచ్చెన పక్కన కుర్చీ వేసుకుని పైకి కేకలేసేవారు, నార్బర్ట్ అటక మీంచి జవాబు చెప్పేవాడు. రేకు కోసి పరిచి, అంచులు పూసి, ఇటుకల నోళ్ళన్నీ సిమెంటుతో మూశాడు. స్టవ్ గ్యాస్ గొట్టానికి కిందో వాల్వు బిగించాడు, దాని తాళంచెవి నేను మెళ్ళో వేసుకున్నాను. పని పూర్తయ్యాక గాలి లేని ఒక ఉదయం, మెత్తగా మంచు పడ్డాక, కార్లోటా ఆంటీ మమ్మల్ని వీధిలోకి పిలిచి కప్పులు చూపించింది. వరస ఇళ్ళన్నిటి మీదా మంచు దళసరిగా ఉంది. ప్రతి రెండిళ్ళ మధ్యా, ఉమ్మడి గోడ మీదుగా, పాపిట తీసినట్టు నల్లటి గీత. అక్కడ కరిగిపోయింది. మా పాపిట ఒక్కటే, మా వైపు సగం, పూడి ఉంది.

"మీ మావయ్యని మా ఇంటికి ఎప్పుడు పంపిస్తావ్?" అంది ఆవిడ. "నేనాయన్ని గోడలతో మాట్లాడే ముసలాడన్నాను. ఆయనకి చెప్పకు."

"ఆయనకి చెప్పినా గుర్తుండదు ఆంటీ" అన్నాను.

కట్టినవాళ్ళ తరఫున ఒకతను వచ్చి, చూసి, ప్లాను ప్రకారమే కట్టామని చెప్పి వెళ్ళిపోయాడు. నార్బర్ట్ వరసలో ఆరు ఇళ్ళకి రేకులు కోసి బిగించాడు. ప్రతి ఇంట్లోనూ మావయ్య ముందు వెళ్ళి గోడ మీద చెయ్యి పెట్టేవారు. మార్చి పదకొండున పాప పుట్టింది. మేడమీది ఆ గదిలోనే పడుకుంది.

మావయ్య మతిమరుపు తిరిగి మా ఇంటికొచ్చాక తగ్గిందని చెబితే అబద్ధం. అది దాని దారిన అది పెరిగింది. ఏప్రిల్ చివర ఒకరోజు, బయట మంచుకి బదులు వాన కురిసే రోజులొచ్చాక, ఆయన పాప గదిలోకొచ్చి అల్మరా తలుపు తెరిచారు. అరచెయ్యి గోడకానించి, కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడ్డారు. నార్బర్ట్ పాపని భుజాన వేసుకుని చూస్తున్నాడు.

"చుక్క గాలి లేదు" అన్నారు మావయ్య. "ఎవరు చేశారోగాని, పని తెలిసినవాడు."

"అవును" అన్నాడు నార్బర్ట్. "ఆయనకి పని తెలుసు."